మొగోని ఒడిబియ్యం

"గట్లయితే మల్లయ్య తాత ఎట్ల సచ్చిండో నువ్వే చెప్పు."

"చెప్తగని, ముందుగాల్ల అన్నం తిను."

నాకూ మా ఇంటాయనకూ నడుమ ఆఖరి మాటలు గివే. ఆయన నవ్విండు. చేతులు కడుక్కుంటనని నల్ల దగ్గరికి పోయిండు. అక్కడ్నే కూలవడ్డడు. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది. గుండె ఆగిందన్నరు. ఇంటికొచ్చి చూస్తే కంచంల అన్నం గట్లనే ఉన్నది, చారు పోసింది పోసినట్టే ఉన్నది.

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నమ్మకం లేదు. అప్పుడు లేదు, గిప్పుడూ లేదు. మా ఆయన బొగ్గుబాయిల పని చేసినన్ని ఏండ్లు ఆయన డ్యూటీకి పోతే బాయి క్వార్టర్ల నేను ఒక్కదాన్నే ఉంటుంటి. బాయి మొకంకాడ గది కనవడ్డది, గిది ఇనవడ్డది అని ఆడోళ్లు చెప్పుకుంటుండె. నాకు ఏదీ కనవడలే. బతికున్నోళ్లే మనల్ని ఇంత పరేషాన్ చేస్తుంటే సచ్చినోళ్లకేం పని అని అంటుంటి. గిది నమ్మి చెప్తలేను. అయ్యింది గనుక చెప్తున్న.

నాకు సదువు రాదు. సంతకం చేస్త, బస్సు బోర్డు మీద చంద్రపూర్ అని ఉంటే గుర్తువడత, అంతే. నేను చెప్తుంటే మా ఆడబిడ్డ సరోజ రాస్తున్నది. మా ఆయనకు సొంత చెల్లె. చిన్నప్పుడు మంచిర్యాలల మేనత్త ఇంట్ల ఉండి తెలుగు బడిల సదివింది, గిప్పుడు భద్రావతిల ఉంటది. సరోజా, నేను చెప్పినట్టే రాయి. సోకులు చెయ్యకు.

మా ఆయన నవలలు రాస్తుండె. సదివింది మరాఠీ బడిల, గని వాళ్ల నాయిన ఇంట్ల పలక మీద తెలుగు అచ్చరాలు దిద్దిచ్చిండు. రెండు నవలలు అచ్చయినయ్. మా దిక్కు తెలుగు మాట్లాడెటోళ్లు మస్తు, సదివెటోళ్లు తక్కువ. అయినా రాస్తనే ఉండె. మూడోది యుద్ధం నవల. వాళ్ల తాత మల్లయ్య మీద.

మల్లయ్య తాతది రాజూర దగ్గర పల్లె. గప్పుడు గది నిజాం రాజ్యం. తాత నిజాం ఫౌజుల చేరిండు. పెద్ద యుద్ధమప్పుడు ఓడెక్కిచ్చి మలయా దేశం తోలిండ్రు. గిప్పుడు మలేషియా అంటున్నరు. జపానోళ్లు సముద్రం మీదికెల్లి వచ్చి దిగిండ్రు. గంతే. గా తర్వాత తాత ముచ్చట లేదు. సచ్చిండని రాలే, బతికిండని రాలే.

ఇంటికాడ తాత పెండ్లాం పోశవ్వ ఉండె. ఆయన సావు చూసినోళ్లు వచ్చి చెప్తెనే మెట్టెలు తీస్తనన్నది. ఎవ్వలూ రాలే. ముసల్దయ్యి పోయేదాక బొట్టుతోనే ఉన్నది. పోయేటప్పుడు కొడుకుతోని ఒక్క మాట అన్నది. ముచ్చట తెలువకుంట ఆయన పేరు మీద బియ్యం ఇయ్యద్దు అని.

పెత్రమాస నాడు మేం పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తం. గది వాళ్లకు ముడుతదని. బతికున్నోని పేరు చెప్పరాదు. సచ్చినోని పేరు చెప్పకపోతే ఆయన ఆకలితో ఉంటడు. మా ఇంట్ల పోశవ్వ పేరు చెప్పంగనే అయ్యగారు "ఆమె పెనిమిటి పేరు?" అని అడుగుతుండె. మా మామ తల దించుకుంటుండె. ఆయన పోయినంక మా ఆయన దించుకుండు. ఆ ఖాళీ జాగ నింపాలెనని మా ఆయన నవల మొదలువెట్టిండు. పేరుకు నవల.

ఎట్ల రాస్తుండెనో చెప్త. ఊరికే కూసోని రాసెటోడు కాదు. హైదరాబాదు పోయి పాత కాయిదాలు చూసొచ్చిండు. వచ్చి చెప్పులు ఇప్పుకుంట అన్నడు, "కాయిదాలల్ల తుపాకులున్నయే, చెమట లేదు" అని. గా చెమట కోసమే తిరిగిండు. రాజూర, కోర్పనా పల్లెలల్ల ముసలోళ్ల దగ్గర కూసుంటుండె. యుద్ధం గురించి అడగకపోతుండె. పట్నం పొయ్యేటోనికి ఇంట్ల ఏం కట్టిస్తుంటిరి, ఎవ్వలు వాకిలి దాక వస్తుండె, గివి అడుగుతుండె. భద్రావతిల ఒక రిటైరైన ఫౌజీ ఉంటే ఆయనతోని సోపతి చేసి, బాంబు పడ్డంక చెవులు ఎంత సేపు గుయ్యిమంటయని అడిగొచ్చిండు. మళ్ల తనే, "మా బాయిల బ్లాస్టింగ్ అయినప్పుడు గూడ గట్లనే కదనే" అని అన్నడు.

తడి బూట్లు తొడుక్కోని ఇంట్ల తిరిగిండు, కాళ్లు ఎట్ల నానుతయో చూస్తనని. నేను తుడిచిన బండల మీద. ఒకనాడు సంచిల బొగ్గు నింపి భుజానికేసుకోని బస్టాండు దాక పోయొచ్చిండు. బొగ్గు అమ్ముతున్నడనుకోని ఎవరో అడిగిండ్రట రేటెంతని.

రాసింది రాసినట్టు నాకు సదివి ఇనిపిస్తుండె. నేను కూరగాయ కోసుకుంట ఇంటుంటి. ఎక్కడ అబద్దం అనిపిస్తే అక్కడ ఆపుతుంటి. తాత ఫౌజుకు పోయేనాడు పోశవ్వ వాకిట్ల నిలవడి ఏడ్చిందని రాసిండు. నేను కత్తిపీట ఆపి, అత్త ముంగట ఏ కోడలు ఏడుస్తదయ్యా, కొట్టంలకు పోయి పిడకలు సర్దుతది అని అన్న. ఆయన కొట్టేసి మళ్ల రాసిండు. మంచిగున్నదా అని అడగకపోతుండె. "ఆపలేదు కదా?" అని అడుగుతుండె.

గా వానకాలం పెరట్ల ఖడ్డా తవ్విండు. మనిషి కూసుంటే తల మునిగేంత. ఫౌజోళ్లు వానల గిసోంటి గుంతల, మోర్చాల కూసుంటే వాళ్లకు ఏం కనవడుతదో చూడాలెనట. మాది నల్లరేగడి, తవ్వుతుంటే జారుడు. బాజు క్వార్టరాయన గోడ మీదికెల్లి తొంగి చూసి, "కాయ్ భావూ, విహీర్ ఖోద్తా కా?" అని నవ్విండు. బాయి కాదు, నవల అన్నడు మా ఆయన. గా ఖడ్డల ప్లాస్టిక్ స్టూలు ఏసుకోని వానల తడుసుకుంట కూసున్నడు. నేను గొడుగు పట్టబోతే "జపానోళ్లు నవ్వుతరు, పో" అన్నడు.

పుస్తకం ఆఖరు దాక వచ్చింది. తాత సావు ఒక్కటే మిగిలింది. జపానోళ్లు దిగిననాడే సముద్రం ఒడ్డున గుండు తగిలి పోయిండని రాస్తనన్నడు. ఎక్కువమంది గట్లనే పోయిండ్రట. నేను ఒద్దన్న. నువ్వు రాస్తే ఇంట్ల బియ్యం ఇయ్యాలె, అందాజతోని బియ్యం ఇస్తవా అన్న. గా పొద్దుగాల లొల్లి గదే. గా లొల్లిలనే గా ఆఖరి మాటలు వచ్చినయ్.

దినాలైనంక చుట్టాలు పోయిండ్రు. సరోజ ఉన్నది. సావైన ఇంట్ల ఖడ్డా తెరిచి ఉండొద్దని అందరూ అన్నరు. ఆ రోజు వాన లేదు, మంచి ఎండ. పగటీలి. మేమిద్దరం పార పట్టుకోని పోయినం. ముందుగాల్ల ఆయన స్టూలు తీద్దామని నేను ఖడ్డలకు దిగిన. కాళ్లు గుంజుతుంటే జరసేపు స్టూలు మీద కూసున్న.

పసుపు వాసన వచ్చింది. ఉత్త పసుపు కాదు. ఒడిబియ్యంల పసుపు, నూనె కలిపినంక వచ్చే వాసన. ఆడోళ్లకు ఎరికే. పుట్టింటోళ్లు ఒడి నింపితే కొంగుకు దినాల కొద్దీ అంటుకొని ఉంటది. పైన నిలవడ్డ సరోజకు గూడ వచ్చింది. "వదినా, పసుపు వాసనేంది?" అన్నది. గంతవరకే నాకు యాదికున్నది.

మళ్ల చూస్తే సరోజ నా రెట్ట పట్టుకోని పైకి గుంజుతున్నది. దాని మొకంల నెత్తురు లేదు. నేను మాట్లాడినన్నది. నేను మాట్లాడలే అన్న. అది ఫోన్ తీసి ఇనిపిచ్చింది. వదినకు మతి చలించింది, డాక్టరుకు చూపియ్యాలెనని రికార్డు చేసిందట. అవునా కాదా సరోజా? అవునంటున్నది, రాయి.

ఫోన్ల గొంతు నాదే. మాటలు నాయి కావు. "నా పెండ్లాం" అంటున్న. "నాకు జరం" అంటున్న. ఉన్నదున్నట్టు చెప్త.

గుండు తగల్లేదట. రబ్బరు చెట్లల్ల పడి నడిచిండట, కాలు కుళ్లిందట. పడిపోయే యాళ్లకు ఒక ఆడామె పిల్లగాన్ని తిట్టుడు ఇనవడ్డదట. తెలుగుల. మన తెలుగు కాదు గని తెలుగే. గా ఆడామె పేరు సింహాచలం. తోట కూలోళ్ల ఇండ్ల లైన్ల తన ఇంట్ల పండవెట్టింది. సంకల మూట ఇప్పితే ఆకుపచ్చ రవికె గుడ్డల పసుపు బియ్యం. ఇవి నా పెండ్లాం ఒడిబియ్యం, అన్నడు. పుట్టింటోళ్లు ఒడి నింపితే అత్తగారింట్ల వండి పదిమందికి పెట్టాలె గదా. వండకముందే ఫౌజు పిలుపొచ్చింది. నువ్వు మళ్లొచ్చినంక కలిసి వండుకుందామని పోశవ్వ ఎవ్వలకు తెల్వకుంట గుప్పెడు మూటగట్టి ఇచ్చింది. "నేను ఇంటికి పోతనని లేదు. నువ్వు వండు తల్లీ, మా ఇంట్ల తిన్నట్టే అయితది" అన్నడు. ఆమె వండింది. ఒక్క బుక్క తిన్నడు. మిగిలింది లైనంత పంచుకోని తిన్నరు.

గంతే. ఆ తర్వాత సరోజ గొంతు, "వదినా, వదినా" అనుకుంట.

ఒడిబియ్యం ముచ్చట మా ఇంట్ల ఎవ్వలకూ తెల్వది. మా అత్త చెప్పలే, మామ చెప్పలే. మా ఆయన రాసిన దాంట్ల లేదు, సరోజ మొత్తం ఎతికింది. ఆడిబిడ్డల ఒడి నింపుడు ఉన్నది గని మొగోనికి ఒడిబియ్యం కట్టిచ్చుడు మా దిక్కు ఎన్నడూ ఇనలే. సింహాచలం అనే పేరు గూడ మా దిక్కు ఎవ్వలకూ ఉండది. నేను కొండనో గుడినో అనుకుంటుంటి గని ఆడిపిల్లకు పెడతరని నాకు తెల్వది.

నేను ఒక్క నిమిషం ఆలోచన చెయ్యలే. గదే ఆఖరి భాగం, రాయి అన్న. చెప్తనని ఆయనకు మాటిచ్చిన.

సరోజ తలకాయ పట్టుకున్నది. "వదినా, మొగోనికి ఒడిబియ్యమేంది? నలుగురు ఇంటే నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వుతరని సచ్చినోని సంకల మూట గుంజుకుంటమా?"

రాసింది. మనసు లేకనే రాసింది. ఇప్పుడు నవ్వుతున్నది చూడు.

మా దిక్కు సదివెటోళ్లు తక్కువని చెప్పిన గదా. అచ్చేస్తే అల్మారాల ఉంటది. అందుకే సరోజ వారానికో భాగం గట్టిగ సదివి ఫోన్ల రికార్డు చేసి పంపింది. ముందుగాల్ల మా చుట్టాల గ్రూపులకు. అక్కడికెల్లి బాయి కాలనీలకు. అక్కడికెల్లి ఎక్కడికి పోయిందో మాకే తెల్వది. ఒకనాడు గడ్‌చాందూర్ బస్సుల పోతుంటే ముంగట సీట్ల ఒకామె ఫోన్ చెవికి పెట్టుకోని ఏడుస్తున్నది. ఏందమ్మా అని వంగితే సరోజ గొంతు. పోశవ్వ కొట్టంల పిడకలు సర్దే భాగం. నేను ఆపి మళ్ల రాయించిన భాగం. సీట్ల నిలవడి ఇది మా ఆయనది అని ఒర్రాలె అనిపిచ్చింది. నోరు మూసుకోని కూసున్న గని నా రొమ్ము ఇంత పొంగింది.

ఆఖరి భాగం మాత్రం సరోజ పంపలే. ఇగ పంపుత అగ పంపుత అని తప్పిచ్చుకుంట వచ్చింది. జనం నన్ను పట్టుకోని అడుగుడు. బజార్ల కూరగాయలామె తూకం ఆపి అడిగింది. బాజు క్వార్టరాయన కోడలు మన తెలుగు పిల్లనే, పుట్టి పెరిగింది ఇక్కడ్నే. గోడ మీదికెల్లి, "కాకూ, ఆజోబాంచ కాయ్ ఝాలం? చెప్పరాదు!" అని, తాతకు ఏమైందో చెప్పుమని పానం తీస్తుండె. నేను సరోజ దిక్కు చూస్తుంటి. అది గోడ దిక్కు చూస్తుండె.

ఇగ గిది ఇనుండ్రి. ఆ భాగం ఎవ్వలకూ పోలే. మా ఇద్దరికి తప్ప లోకంల ఎవ్వలకూ తెల్వది. నేను దీని మీదనే నిలవడి మాట్లాడుతున్న.

మలేషియా నుంచి ఫోన్ వచ్చింది. వీడియో. ఒక ముసలాయన, వెనుక ఆయన మనుమరాలు ఫోన్ పట్టుకున్నది. అప్పన్న అన్నడు పేరు. వాళ్ల తాతలు శ్రీకాకుళం దిక్కు నుంచి రబ్బరు తోటలకు పోయినోళ్లట. ఆయన తెలుగు పాత తెలుగు, జర ఆగి ఆగి మాట్లాడుతుండు. ఆయనకు అచ్చరాలు రావు, ఇనుడే. మా కథ ఎట్లనో ఆయన చెవిల పడ్డది.

"అమ్మా, మీ కతలో సిపాయి అక్కడే ఆగిపోయాడేటి? మా ఇంట్లో ఓ సిపాయి ఉన్నాడమ్మా. ఆ యుద్దం రోజుల్లో మా లైన్లోకొచ్చి పడ్డాడంట. మా మామ్మ చెప్పీది. సంకలో పసుపు బియ్యం మూట ఎట్టుకుని వచ్చాడంట, పెళ్లికూతురు లాగ. మీ దేసంలో మగోళ్లకి కూడా ఒడి నింపుతారేటని మావోళ్లు నవ్వుకునీవోరంట."

సరోజ ఫోన్ నా దిక్కు జరిపింది. నేనే పట్టుకున్న.

"మీ మామ్మ పేరేంది అయ్యా?" అన్న.

"సింహాచలం," అన్నడు.

ఆయన చెప్పుకుంటనే పోతుండు. "ఆ మూటలోది వండి పెడితే ఒక్క ముద్ద తిన్నాడంట, అంతే. ఒడిబియ్యం అన్న మాట మాది కాదమ్మా, ఆడే చెప్పాడంట. ఆడి పేరు అడిగీలోపు పోయాడు. పెద్దల పండక్కి మా పెద్దోళ్లతో పాటు ఆడికీ ఓ ఆకు ఏస్తన్నాం. పేరు తెలీక ఒడిబియ్యం బాబు అంటన్నాం."

చూడుండ్రి. మేమిక్కడ పేరు పెట్టుకోని బియ్యం ఇయ్యలే. వాళ్లు అక్కడ పేరు లేకుంట ఇన్నేండ్లు అన్నం పెట్టిండ్రు. మల్లయ్య తాత ఒక్కనాడూ ఆకలితో లేడు.

"మల్లయ్య," అన్న నేను. "ఆయన పేరు మల్లయ్య. మాది రాజూర. ఆయన పెండ్లాం పోశవ్వ."

ముసలాయన వెనక్కి తిరిగి గట్టిగ చెప్పిండు, "మల్లయ్యంట! మన బాబు పేరు మల్లయ్యంట!" అని. ఆ ఇంట్ల ఎంతమందున్నరో, అందరూ ఆ పేరు అంటున్నరు. సరోజ నేల మీద కూలవడి ఏడుస్తున్నది. నేను ఏడ్వలే. నాకు ఎగరాలె అనిపిచ్చింది.

గా సాయంత్రమే సరోజ ఆఖరి భాగం సదివి పంపింది. ఒక్కలు గూడ నవ్వలే. మా కాలనీల ఆడోళ్లు వాకిళ్లల్ల కూసోని ఫోన్లన్ని ఒక్కసారి పెట్టిండ్రు. ఏ ఇంటి ముంగట నడిచినా మల్లయ్య తాత మూట ఇప్పుతనే ఉన్నడు. బాజు క్వార్టరాయనకు తెలుగు రాదు, కోడలు పక్కన కూసోని మరాఠీల చెప్తుంటే ఇన్నడు. తెల్లారి గోడకాడికొచ్చి చేతులు జోడిచ్చిండు. "వహినీ, విహీర్ నవ్హతీ," అన్నడు. మీ ఆయన అన్నట్టు అది బాయి కాదమ్మా అని.

మా ఆయనకు గూడ ఏడాది నిండింది. పెత్రమాస వచ్చింది. అయ్యగారు పోశవ్వ పేరు అన్నడు, అలవాటు మీద ఆగిండు. పెనిమిటి పేరు? నేను తల దించుకోలే. వాకిలంత ఇనవడేటట్టు మల్లయ్య అన్న. అయ్యగారు నా దిక్కు చూసి మళ్ల అడిగిండు. మళ్ల చెప్పిన. ఇద్దరికీ ఒక్క చేటల బియ్యం ఇచ్చిన, పసుపు కలిపి. పసుపు ఎందుకమ్మా అన్నడు. అవి ఒడిబియ్యం, వండకుంట మిగిలినయి అన్న.

తర్వాత మా ఆయన పేరు చెప్పిన. ఆయనకు ఇస్తారేసి, అన్నం పెట్టి, చారు పోసిన. చెప్తనన్న, చెప్పిన. ఇగ తిను అన్న.

గిది ఎట్లయిందో నాకు తెల్వది. మా ఆయన ఎప్పుడన్న ఆ ముచ్చట ఇని నాకు చెప్పి ఉంటడు, నేను మరిచి ఉంటనని ఒకాయన అన్నడు. ఆయనకు తెలిస్తే నన్ను ఎందుకు అడుగుతడు? దుఃఖంల మనిషి ఏదో ఒర్రుతది, అనుకోకుంట నిజానికి తాకింది గంతే అని డాక్టర్ అన్నడు. తాకింది సరే, సింహాచలం పేరు గూడ తాకుతదా? దయ్యమని నేనంటలేను. గా ఖడ్డా పూడ్చి ఏడాదయింది, మళ్ల ఆ వాసన రాలే, నేను మళ్ల గట్ల మాట్లాడలే. అక్కడ చిక్కుడు పెట్టిన, మంచిగ కాస్తున్నది. ఎవ్వలకన్న సమజైతే వచ్చి చెప్పుండ్రి, చారు పోసి అన్నం పెడత.

సరోజా, మొకం తుడుచుకో. మొదట్నుంచి గట్టిగ సదువు. ఎక్కడ అబద్దమున్నా ఆపుత, మీ అన్నను ఆపినట్టే.